ఆ చర్చలో మన కుర్చీ ఏది?

కంది కోతలయ్యాక తాండూరు యార్డులో కుప్పల మధ్య నిలబడితే ప్రతి ఏడూ వినబడే మాట ఒకటుంది. "రేటెందుకు పడ్డది?" అని రైతు అడుగుతాడు. "బయటి సరుకు దిగింది" అని అడ్తి దుకాణం గుమస్తా తలెత్తకుండానే జవాబిస్తాడు. ఆ బయటి సరుకు ఎక్కడిది, ఎవరు దింపమన్నారు, ఎప్పుడు దింపమన్నారు అనేది గుమస్తాకూ తెలియదు, మనకూ ఎవరూ చెప్పరు.

తెలిసినంత మేము చెప్తాం. పసుపు బఠానీ మీద 2017 నవంబరులో కేంద్రం 50 శాతం సుంకం వేసింది. 2023 డిసెంబరులో అదే కేంద్రం ఆ సుంకం ఎత్తేసింది. నాలుగు నెలల మాట అన్నది కాస్తా పొడిగింపు మీద పొడిగింపుగా దాదాపు రెండేళ్లు సాగింది. 2025 నవంబరు 1 నుంచి మళ్లీ 30 శాతం సుంకం అన్నారు. ఈ మధ్యలో ఓడల కొద్దీ బఠానీ కెనడా నుంచీ రష్యా నుంచీ దిగింది. పసుపు బఠానీ మన ఊళ్లో ఎవరూ వండుకోరు నిజమే. కానీ శనగపిండిలో అదే కలుస్తుంది, హోటల్ పప్పులో కందిపప్పు బదులు అదే ఉడుకుతుంది. కంది మద్దతు ధర 2024-25కు 7,550 రూపాయలు, 2025-26కు 8,000 అని కాగితం మీద రాశారు. యార్డులో మనకు ఎంత పలికిందో మనకే తెలుసు.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. సుంకం ఎత్తేసిన కాలంలోనే, 2024 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, లోక్‌సభ ఎన్నికలు జరిగాయి. దేశాన్ని ఏలదలచిన వాళ్లందరినీ ఒకచోట ఎదురెదురుగా కూర్చోబెట్టి "బఠానీ మీద సుంకం ఎందుకు ఎత్తేశారు, మీరొస్తే ఏం చేస్తారు" అని అడిగిన చర్చ ఒక్కటీ జరగలేదు. మన దేశంలో ఆ అలవాటే లేదు. రాత్రి తొమ్మిదింటికి టీవీలో అరుచుకునేదాన్ని మేము చర్చ అనడం లేదు. అక్కడ అధికార ప్రతినిధులు తప్ప అధికారం అడిగేవాళ్లు ఉండరు.

జరగాలని కోరినవాళ్లు లేకపోలేదు. 2024 మే 9న విశ్రాంత న్యాయమూర్తులు మదన్ లోకూర్, ఏ.పి. షా, సీనియర్ పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి ఒక లేఖ రాశారు. ప్రధాని నరేంద్ర మోదీ, కాంగ్రెస్ నాయకుడు రాహుల్ గాంధీ ఒకే వేదిక మీద బహిరంగంగా చర్చించాలని కోరారు. రాహుల్ గాంధీ సరేనన్నారు. చర్చ జరగలేదు. లేఖ రాసిన పెద్దలను మేము తప్పుపట్టడం లేదు, వాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ వార్త టీ కొట్టు దగ్గర చదువుకున్నప్పుడు మాలో ఒకాయన అడిగిన ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. "అంతా బాగుంది. ఇద్దరినే ఎందుకు పిలిచిండ్రు?"

ఆ ఎన్నికల ఫలితం చూడండి. బీజేపీకి 240, కాంగ్రెస్‌కు 99. సమాజ్‌వాదీకి 37, తృణమూల్‌కు 29, డీఎంకేకు 22, తెలుగుదేశానికి 16, జేడీయూకు 12. సర్కారు నిలబడాలంటే 272 కావాలి. అంటే ఢిల్లీ కుర్చీ కాళ్లలో రెండు తెలుగుదేశానివీ జేడీయూవీ. ఓట్లకు ముందు ఆ రెండు పార్టీలూ బఠానీ గురించి, పత్తి దిగుమతి గురించి, మద్దతు ధరకు చట్టబద్ధత గురించి ఏమనుకుంటున్నాయో దేశం మొత్తం ముందు చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఓట్లయ్యాక మాత్రం వాళ్ల మాట మీదే సర్కారు నిలబడింది.

జాతీయ ఎన్నికల చర్చ అంటే జాతీయ పార్టీలదే, ఒక రాష్ట్రానికో ఒక భాషకో పరిమితమైన పార్టీకి అక్కడేం పని అనేవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లే అంటున్నారు. మేము ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో చెప్పడానికి కెనడా దాకా పోవాల్సి వచ్చింది. బఠానీ వచ్చిన దారినే వెనక్కు పోయామనుకోండి.

మా సంఘం సభ్యుడి కొడుకు ఒకడు మాంట్రియల్‌లో చదువుకుంటున్నాడు. 2025 ఏప్రిల్‌లో ఫోన్ చేసినప్పుడు నవ్వుతూ చెప్పాడు. "పెద్దనాన్నా, ఇక్కడ ప్రధాని పదవికి పోటీ పడేవాళ్ల టీవీ చర్చ రెండు గంటలు ముందుకు జరిపిండ్రు. అదే రాత్రి హాకీ మ్యాచ్ ఉందట." మేమూ నవ్వాం. తర్వాత వాడు చెప్పిందే మమ్మల్ని కూర్చోబెట్టింది. ఆ చర్చలో నలుగురు. లిబరల్ నాయకుడు, ప్రధాని మార్క్ కార్నీ. కన్సర్వేటివ్ నాయకుడు పొలియేవ్ర్. ఎన్డీపీ నాయకుడు జగ్మీత్ సింగ్, మన పంజాబీ మూలాలున్నాయన. నాలుగో ఆయన ఈవ్ ఫ్రాన్స్వా బ్లాంషే, బ్లాక్ క్యూబెక్వా అనే పార్టీ నాయకుడు.

ఈ నాలుగో పార్టీ సంగతి వినండి. కెనడా పార్లమెంటులో 343 సీట్లు. బ్లాక్ పోటీ చేసేది క్యూబెక్ రాష్ట్రంలోని 78 సీట్లకే. మిగతా దేశంలో ఒక్క అభ్యర్థినీ పెట్టదు. అన్నీ గెలిచినా ప్రధాని కాలేడు, అవుతానని ఆయన అననూ అనడు. పైగా ఆ పార్టీ పుట్టిందే క్యూబెక్‌ను వేరే దేశం చేయాలని. 1991లో పుట్టి 1993లో 54 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. దేశం నుంచి విడిపోతామనే పార్టీ దేశానికి ప్రధాన ప్రతిపక్షం! మన దగ్గరైతే ఆ పార్టీని టీవీలో కూర్చోబెట్టడం అటుంచి, పేరెత్తినవాళ్ల మీద కేసు పెట్టేవాళ్లు. అక్కడ 1993లోనే వాళ్ల నాయకుణ్ణి చర్చకు పిలిచారు. ఫ్రెంచి చర్చకూ పిలిచారు, ఇంగ్లిషు చర్చకూ పిలిచారు.

ఇప్పుడు పిలిచేది టీవీ కంపెనీ దయ మీద కాదు. 2018లో దానికోసమే ఒక స్వతంత్ర కమిషన్ పెట్టారు. 2025లో ఆ కమిషన్ పెట్టిన షరతులు మూడు. ఆ పార్టీ టికెట్ మీద గెలిచిన ఎంపీ కనీసం ఒకరు ఉండాలి. సర్వేల్లో దేశం మొత్తం మీద కనీసం 4 శాతం మద్దతు ఉండాలి. పోలింగుకు 28 రోజుల ముందుకు 90 శాతం నియోజకవర్గాల్లో అభ్యర్థులుండాలి. ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా చాలు. బ్లాక్‌కు మూడోది ఎన్నటికీ రాదు, మొదటి రెండూ ఉన్నాయి, కుర్చీ దొరికింది. గ్రీన్ పార్టీ దేశమంతటి పార్టీనే, కానీ జాబితాలో చూపినన్ని చోట్ల చివరికి పోటీలో లేదని తేలి, ఫ్రెంచి చర్చ జరగాల్సిన రోజునే రావద్దన్నారు. ఆ నిర్ణయం మీద అక్కడా గొడవ జరిగింది, గ్రీన్ పార్టీకి అన్యాయం జరిగిందన్నవాళ్లున్నారు. మాకు నచ్చింది వేరే. నియమం ముందే రాసి ఉంది. పెద్ద పార్టీకి నచ్చలేదనో, వేరు పడతానంటున్నాడనో కుర్చీ తీసెయ్యడం కుదరదు.

అయితే మనకేంటి? ఇక్కడే పాల సంగతి వస్తుంది.

కెనడాలో పాలు, కోళ్లు, గుడ్లు పండించే రైతులకు 1970ల నుంచి ఒక ఏర్పాటు ఉంది. దేశానికి ఎన్ని పాలు కావాలో లెక్కవేసి రైతులకు కోటా పంచుతారు. ఉత్పత్తి ఖర్చు లెక్కగట్టి ధర నిర్ణయిస్తారు. బయటి పాలు ఒక మోతాదు దాటి వస్తే పాల మీద 241 శాతం, వెన్న మీద 298.5 శాతం సుంకం. ఖర్చు లెక్కగట్టి ధర! మనం స్వామినాథన్ కమిషన్ సిఫారసు అమలు చేయమని ఇన్నేళ్లుగా రోడ్ల మీద కూర్చుంటున్నది దేనికోసమో గుర్తుంది కదా. ఆ ఏర్పాటులోనూ లోపాలున్నాయి. కోటా కొనడానికి కొత్త రైతుకు తలకు మించిన అప్పు అవుతుంది, పట్నంలో పాల ధర ఎక్కువ. అది వాళ్లు తేల్చుకోవాల్సిన సంగతి.

ఆ పాలలో ఎక్కువ భాగం క్యూబెక్‌ది, దాని తర్వాత ఒంటారియోది. యూరప్‌తో ఒప్పందం, పసిఫిక్ దేశాలతో ఒప్పందం, అమెరికా, మెక్సికోలతో ఒప్పందం, ఇలా వరసగా మూడు ఒప్పందాల్లో కెనడా సర్కారు తన పాల మార్కెట్‌లో ముక్క ముక్కగా బయటివాళ్లకు వదిలింది. కార్లు అమ్ముకోవడానికి పాలు ఇచ్చారన్న బాధ అక్కడి పాడి రైతులది. మన నూనెగింజల రైతును అడగండి, ఈ బాధ ఎలా ఉంటుందో. పామాయిల్ దిగుమతులొచ్చాక మన వేరుశనగ ఏమైందో అనంతపురం వాళ్లు చెప్తారు.

బ్లాక్ పార్టీ ఏం చేసింది? ఇకమీదట ఏ వ్యాపార ఒప్పందంలోనూ పాలు, కోళ్లు, గుడ్ల మార్కెట్‌ను ఇంకా వదలడానికి వీల్లేదని 2022లో సీ-282 అనే బిల్లు పెట్టింది. 2023 జూన్‌లో కింది సభలో 262 మంది అవునన్నారు, 51 మంది కాదన్నారు. పై సభలో ఆగింది. 2024లో సర్కారు మైనారిటీలో ఉన్నప్పుడు బ్లాక్ వాళ్లు అక్టోబరు 29 అని గడువు పెట్టి, ఈ బిల్లూ ముసలివాళ్ల పింఛను బిల్లూ తేల్చకపోతే మీ సర్కారును నిలబెట్టం అన్నారు. బిల్లు తేలలేదు, పార్లమెంటు సమావేశాలు ముగియడంతో చచ్చిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లోనే ఆ నలుగురి చర్చ. అమెరికా సుంకాల బెదిరింపు నెత్తి మీద ఉంది, మీ పాల మార్కెట్ తెరవండని అమెరికా అంటోంది. పాల విషయం బేరానికి పెట్టబోమని కార్నీ ఆ ప్రచారంలో చెప్పక తప్పలేదు. ఎన్నికల్లో బ్లాక్ 32 నుంచి 22 సీట్లకు పడిపోయింది. అయినా 2025 మే చివర్లో బ్లాంషే అదే బిల్లును సీ-202 పేరుతో మళ్లీ పెట్టాడు. జూన్ 5న కింది సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది, ఆ నెలాఖరులోపు చట్టమైంది.

టీవీ చర్చ వల్లే చట్టం వచ్చిందని మేము అనం. అలా అంటే అబద్ధమవుతుంది. సంఘాలు, కోఆపరేటివ్‌లు, ఏళ్ల తరబడి తిరుగుళ్లు, అన్నీ ఉన్నాయి దాని వెనక. కానీ ఒక్కటి చూడండి. దేశంలో ఆరు శాతం పైచిలుకు ఓట్లున్న పార్టీ, ఒక్క రాష్ట్రం పార్టీ, తన రైతు మాటను దేశమంతా చూసే బల్ల మీద పెట్టింది. పెట్టాక పెద్ద పార్టీలు అవునో కాదో అనాల్సి వచ్చింది. అవునన్నాక మాట తప్పితే ఎదుటివాడు గుర్తు చేస్తాడు. మా లెక్కలో ఆ కుర్చీ విలువ అంతే, అది తక్కువేం కాదు.

మరో సంగతీ దాచకుండా చెప్పాలి. సీ-282ను వ్యతిరేకించినవాళ్లలోనూ రైతులున్నారు. పడమటి మైదానాల్లో గోధుమ, పశుమాంసం ఎగుమతి చేసే రైతుల సంఘాలు, ఈ చట్టం ఉంటే వేరే దేశాలు మా సరుకు కొనడానికి ఒప్పుకోవని అన్నాయి. మన మీదకు దిగే బఠానీ పండేదీ ఆ మైదానాల్లోనే. ఆ బఠానీ రైతు మన శత్రువు కాదు. వాడికీ అప్పుంది, వాడికీ కరువుంది. రెండు ప్రాంతాల రైతులకు రెండు రకాల అవసరాలుంటే ఆ తగవు నలుగురి ముందు తేలాలి. అధికారుల గదిలో, కార్పొరేట్ ప్రతినిధి పక్కన కూర్చోగా తేలకూడదు. ప్రాంతీయ పార్టీని పక్కన పెడితే ఆ తగవు లేనట్టే కనిపిస్తుంది. లేకుండా మాత్రం పోదు.

బ్రిటన్‌ది ఇంకో కథ, క్లుప్తంగా చెప్తాం. అక్కడ నాయకుల టీవీ చర్చలు 2010లో మొదలయ్యాయి, ముగ్గురితో. స్కాట్లాండ్ పార్టీ ఎస్ఎన్‌పీ కోర్టుకు వెళ్లింది, ఓడింది. 2015లో ఏడుగురిని పిలిచారు, ఎస్ఎన్‌పీ నుంచి నికోలా స్టర్జన్, వేల్స్ పార్టీ నుంచి లియాన్ వుడ్ వచ్చారు. ఆ ఎన్నికల్లో ఎస్ఎన్‌పీ స్కాట్లాండ్‌లోని 59 సీట్లలో 56 గెలిచింది. కానీ అప్పుడే ఉత్తర ఐర్లాండ్ పార్టీ డీయూపీని పిలవలేదు. దానికి 8 సీట్లు, అప్పటికి ఎస్ఎన్‌పీకి 6, వేల్స్ పార్టీకి 3. ఎనిమిది ఉన్నవాడు బయట, మూడున్నవాడు లోపల. 2019లో మళ్లీ ఇద్దరితోనే చర్చ పెడితే ఎస్ఎన్‌పీ మళ్లీ కోర్టుకు వెళ్లి మళ్లీ ఓడింది. రాసిపెట్టిన నియమం లేకపోతే టీవీ యజమాని ఇష్టమే నియమం. మన టీవీల యజమానులెవరో మనకు చెప్పనక్కర్లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. వాళ్లనే మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

ప్రాంతీయ పార్టీ నాయకుడు ప్రధాని కాలేడు కదా, మరి ప్రధాని ఎన్నికల చర్చలో ఎందుకు అంటున్నారు. మన రాజ్యాంగంలో ప్రధాని ఎన్నిక అనేది లేదు. మనం ఎన్నుకునేది ఎంపీని. ఎంపీలు సర్కారును నిలబెడతారు, పడగొడతారు. ఇద్దరినే టీవీలో నిలబెడితే ఎన్నిక మొత్తం ఇద్దరి కుస్తీ అయిపోతుంది, మన చేవెళ్ల ఎంపీ, మహబూబ్‌నగర్ ఎంపీ ఎవరైతే ఏంలే అనిపిస్తుంది. ఇప్పటికే సగం అలా అయింది.

దేశ సమైక్యత దెబ్బ తింటుంది అనేది రెండో మాట. ఇది వింటే మాకు 1984 గుర్తొస్తుంది. మాలో చాలామందికి అప్పటికి మీసం కూడా రాలేదు. ఆ ఎన్నికల్లో దేశమంతా ఒకవైపు కొట్టుకుపోతే లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత పెద్ద పార్టీ ఏది? 30 సీట్లతో తెలుగుదేశం. బీజేపీకి వచ్చినవి రెండు, ఆ రెండింటిలో ఒకటి మన హనుమకొండ. ఇవాళ జాతీయవాదం పాఠం చెప్పే పార్టీ ఆనాడు రెండు సీట్ల పార్టీ. ప్రాంతీయ పార్టీ ప్రధాన ప్రతిపక్షంగా ఉన్నందుకు దేశం విడిపోయిందా? తమిళనాడులో డీఎంకే 1963లో ప్రత్యేక దేశం కోరికను వదిలేసి ఎన్నికల దారిలోనే నిలిచింది, నాలుగేళ్లలో అధికారంలోకి వచ్చింది. మాట్లాడనిస్తే దూరమయ్యేవాళ్లకన్నా దగ్గరయ్యేవాళ్లే ఎక్కువని మా నమ్మకం. క్యూబెక్ కూడా 1995లో ఓటు పెట్టుకుని వెంట్రుకవాసిలో కెనడాలోనే ఉండిపోయింది. ఆ తర్వాత కూడా ఎవరూ బ్లాక్ కుర్చీ తీసెయ్యలేదు.

మన దగ్గర పార్టీలు లెక్కలేనన్ని, అందరినీ పిలిస్తే సంత అవుతుంది అనేది మూడో మాట. దీనికి బలముంది. అందుకే నియమం కావాలంటున్నాం. కానీ ఇప్పుడున్న "జాతీయ పార్టీ" ముద్ర ఆ నియమం కాకూడదు. ఎన్నికల సంఘం లెక్కలో 2024లో జాతీయ పార్టీలు ఆరు. వాటిలో బీఎస్పీకి, ఎన్‌పీపీకి లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు. 37 సీట్ల సమాజ్‌వాదీ, 29 సీట్ల తృణమూల్ మాత్రం రాష్ట్ర పార్టీలు. ఆ ముద్ర ఎన్ని రాష్ట్రాల్లో ఉనికి ఉందో చెబుతుంది, జనం ఎంతమందిని పంపారో చెప్పదు. నిజానికి మన ఎన్నికల సంఘమే దీనికి ఒక దారి ఎప్పుడో వేసింది. 1998 నుంచి దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో గుర్తింపు పొందిన జాతీయ పార్టీలతోపాటు రాష్ట్ర పార్టీలకూ ఉచితంగా సమయం ఇస్తున్నారు. ఒంటరిగా కూర్చుని మాట్లాడ్డానికి సమయం ఇవ్వగా తప్పులేనిది, నలుగురిలో కూర్చుని జవాబివ్వడానికి కుర్చీ ఇస్తే తప్పవుతుందా?

నాలుగో మాట మా సంఘంలోనే వచ్చింది. వికారాబాద్ జిల్లా రైతు స్టాలిన్‌కు ఓటెయ్యలేడు, మమతా బెనర్జీకి ఓటెయ్యలేడు, మరి వాళ్ల మాట వినడమెందుకు? నిజమే, ఓటెయ్యలేం. కానీ రేపు ఢిల్లీలో చేసే చట్టం వాళ్ల ఎంపీల చేతుల మీదుగా మన చేనుకు వస్తుంది. మన జొన్న, మన కంది గురించి వాళ్లేమంటారో వినాలా వద్దా? వాళ్ల జనుము రైతు గోడు మనమూ వినాలి. అసలు ఆ చర్చలో మాకు ఎక్కువ పని ప్రాంతీయ నాయకుడి జవాబుతో కాదు, ఆయన వేసే ప్రశ్నకు పెద్ద పార్టీ ఇచ్చే జవాబుతో.

ఇంత చెప్పాక మన పార్టీలను నెత్తిన పెట్టుకుంటున్నామని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2020 సెప్టెంబరులో మూడు సాగు చట్టాలు వచ్చినప్పుడు ఏం జరిగింది? అప్పటి టీఆర్ఎస్ వ్యతిరేకించింది. వైఎస్సార్‌సీపీ రాజ్యసభలో సమర్థించింది. ఇక్కడ రైతు రాజ్యమని హోర్డింగులు, అక్కడ కార్పొరేట్ చట్టాలకు మద్దతు. మొదట ఆర్డినెన్సులకు తలూపిన అకాలీదళ్ కూడా పంజాబ్ రైతులు రోడ్డెక్కాకే మంత్రి పదవి వదులుకుంది. చట్టాలు మూజువాణి ఓటుతో రాజ్యసభ దాటాయి. 2021 నవంబరు 29న రద్దయినప్పుడు ఉభయ సభల్లో చర్చే లేకుండా రద్దయ్యాయి. తెచ్చినప్పుడు లెక్కపెట్టి ఓటింగ్ లేదు, తీసేసినప్పుడు చర్చ లేదు. ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో చలికి, ఎండకు కూర్చున్నవాళ్లకు జవాబు చెప్పినవాళ్లు లేరు.

అందుకే ఆ కుర్చీ కావాలంటున్నాం. మన పార్టీల గౌరవం కోసం అనుకోకండి. ఊళ్లో ఒక మాట, అసెంబ్లీలో ఒక మాట, ఢిల్లీలో ఇంకో మాట చెప్పే వీలు లేకుండా వాళ్లను దేశం ముందు కూర్చోబెట్టాలి. ఇక్కడ రైతు వింటుండగా, పక్కన ప్రధాని ఉండగా, చట్టబద్ధమైన మద్దతు ధరకు మీరు అవునా కాదా అని అడిగితే గోడ మీద కూర్చోవడం కష్టం. 2024లో తెలంగాణలో బీఆర్ఎస్‌కు ఒక్క సీటూ రాలేదు. సీట్ల లెక్కన నియమం పెడితే వాళ్లకు కుర్చీ ఉండకపోవచ్చు. ఉండకపోతే ఉండదు. ఎవరికీ వారసత్వంగా ఇమ్మని మేము అడగడం లేదు.

మా పెద్దాయన ఒకాయన, సంఘం పుట్టినప్పటి నుంచి ఉన్నాయన, ఇదంతా విని ఒక్క మాటన్నాడు. "ఎవడు కూసుంటే ఏందిర, కింటాలుకు వంద రూపాయలు పెరుగుతదా?" ఆయన మాట కొట్టెయ్యలేం. టీవీలో చర్చ పెట్టినందుకు రేటు పెరగదు. రేటు పెరగాలంటే యార్డులో కొనుగోలు కేంద్రం తెరవాలి, నాఫెడ్ సకాలంలో కాంటా పెట్టాలి, సుంకం పంట చేతికొచ్చే ముందు ఉండాలి తప్ప అమ్ముకున్నాక కాదు. వాటికోసం మన ధర్నాలు మనకు ఎట్లాగూ ఉన్నాయి. కానీ సుంకం ఎత్తేసినవాణ్ణి ఎదురుగా అడిగే చోటు ఒకటి ఉండొద్దా అన్నప్పుడు పెద్దాయన బీడీ ముట్టించుకుని "అది ఉండాలె" అన్నాడు.

మేము అడిగేది ఇది. వచ్చే లోక్‌సభ ఎన్నికలకు చాలా ముందే, ఏ పార్టీ గెలుస్తుందో తెలియకముందే, చర్చల నియమాలు రాసి ప్రకటించాలి. ఆ నియమాలు రాసేది ఏ చానలూ కాకూడదు, సర్కారూ కాకూడదు. గుర్తింపు ఉన్న పార్టీ, పాత లోక్‌సభలో చెప్పుకోదగ్గ సీట్లున్నదైతే, అది ఒక్క రాష్ట్రంలోనే పోటీ చేసినా సరే, పిలవాలి. ఒక రోజు చర్చ వ్యవసాయం మీదే జరగాలి. బల్ల చుట్టూ పది మంది కూర్చుని తలా నిమిషం మాట్లాడితే లాభం లేదు కాబట్టి రెండు మూడు రోజులు పెట్టినా నష్టం లేదు, హాకీ మ్యాచ్ కోసం సమయం మార్చుకున్నట్టు మనం క్రికెట్ చూసుకుని మార్చుకుందాం. భాష సంగతి మరిచిపోకూడదు. కెనడాలో రెండు భాషలకు రెండు చర్చలు. మన దగ్గర హిందీలో ఇంగ్లిషులో మాట్లాడుకుని వదిలేస్తే మన రైతుకు అర్థమయ్యేది తెల్లారి పేపర్లో మాత్రమే. ప్రతి భాషలోనూ అప్పటికప్పుడే వినబడాలి. ప్రశ్నలు అడిగేవాళ్లలో కనీసం ఒకరు దున్నేవాళ్లై ఉండాలి, కౌలు రైతైతే ఇంకా మంచిది.

వచ్చే నెల గ్రామ శాఖల సమావేశాల్లో దీనిమీద తీర్మానం పెట్టండి. ఒప్పుకోనివాళ్లు ఉంటే వాళ్ల కారణాలూ రాసి పంపండి, ఇదే పత్రికలో వేస్తాం. ప్రతి శాఖ నుంచి ఒక్కటైనా ప్రశ్న పోస్టుకార్డు మీద రాసి జిల్లా కార్యాలయానికి పంపాలి. ఆ చర్చ జరిగిన రోజున ప్రధాని కాదలచినవాళ్లను, వాళ్లను నిలబెట్టదలచినవాళ్లను అడగాల్సిన ప్రశ్న. ఇది అచ్చుకు పంపేలోగానే మొదటి కార్డు వచ్చేసింది. నాలుగెకరాల కంది రైతు, ఒక అక్క రాసింది. "2023 డిసెంబరులో మా కంది ఇంకా చేనులోనే ఉంది. ఆ నెలలోనే బఠానీ సుంకం ఎందుకు ఎత్తేసిండ్రు? ఎవరిని అడిగి ఎత్తేసిండ్రు?"